పాయింట్ల ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరు ఏం కొన్నా ముందు మా ఆయన చెయ్యి జేబులోకి పోయేది. డబ్బులు తీయడానికి కాదు, కార్డు తీయడానికి. ఉప్పు ప్యాకెట్టు దగ్గర్నుంచి వర్షిత స్కూలు ఫీజు దాకా అన్నీ గీకుడే. గీకిన ప్రతిసారీ ఫోన్ తెరిచి పాయింట్లు చూసుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు నా వైపు చూసి నవ్వేవాడు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంటుంది.

మా ఆయన రాజేశ్ చిట్యాల దగ్గర హైవే పక్కనున్న ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఫోన్లో ఎవడో కుర్రాడు పెళ్లాం పిల్లలతో కార్డు పాయింట్ల మీద ఊరికే విమానం ఎక్కి ఊళ్లు తిరిగొచ్చానని చెప్పే వీడియోలు చూసీ చూసీ, ఉగాది రాకముందే ఈయన బుర్ర తిరిగింది. తన పేరు మీద రెండు క్రెడిట్ కార్డులు తీశాడు, నా పేరు మీద ఇంకోటి. నా కార్డు కూడా ఆయన జేబులోనే ఉండేది. దాని మీద 'స్వర్ణ' అని అచ్చయిన పేరును ఒక్కసారి నాకు చూపించి, మళ్లీ పర్సులో పెట్టేసుకున్నాడు.

"మే నెల ఆఖరు లోపట టార్గెట్ కొడితే మన నలుగురికి టికెట్లు ఫ్రీ. శ్రీనగర్! మంచు!" అన్నాడు.

మంచు అనగానే మా బిడ్డ వర్షిత ఇల్లంతా గెంతింది. మా అత్తమ్మ బీరమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తింది. ఆమె పెళ్లయిననాటి నుంచి మామయ్యతో గొర్రెల మంద వెంట తిరిగిన మనిషి. మామయ్య పోయాక మంద అమ్మేసి మాతో ఉంటోంది. శంషాబాద్‌కు పోయే విమానాలు మా ఊరి మీదుగా పోతుంటే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అవి కనబడకుండా పోయేదాకా చూడటం ఆమెకు అలవాటు.

"ఇమానమా? పైకెళ్లి చూస్తే కింద గొర్లు కనబడ్తయారా?" అని అడిగింది.

"అన్నీ కనబడ్తయే అమ్మా. కిటికీ పక్కన సీటు నీకే," అన్నాడు రాజేశ్.

ఆ మాటకు ఆమె ముఖం వెలిగింది. నాకూ ఆశ లేకపోలేదు. పెళ్లయ్యాక యాదగిరిగుట్ట, నాగార్జునసాగర్ తప్ప నేను చూసిందేముంది? ఊరికే వస్తే ఎవరు మాత్రం వద్దంటారు?

కానీ మా ఇంటి ఖర్చుతో ఆ టార్గెట్ ఎన్నటికీ అందేది కాదు. అందుకని ఆయన ఊరి ఖర్చునంతా నెత్తికెత్తుకున్నాడు. ఎవరు ఏం కొనాలన్నా వెంట పోవడం, తన కార్డు గీకడం, వాళ్ల దగ్గర నగదు తీసుకోవడం, ఆ నగదుతో కార్డు బిల్లు కట్టడం. సరుకు వాళ్లది, డబ్బు వాళ్లది, పాయింట్లు మాత్రం ఈయనవి. మా వెనకింటి పరశురాములు ఇల్లు కట్టుకుంటుంటే సిమెంటు లారీ కంటే ముందు మా ఆయన బండి అక్కడ ఆగేది.

"నువ్వు గీకితే నాకేమొస్తదిరా?" అని అడిగాడు పరశురాములు ఒకరోజు మా గుమ్మం ముందు నిలబడి.

"నీకేం రాదు బావా. గని నీకు నష్టం లేదు గద!"

ఆ ముక్క ఆయనకు ఊతపదమైపోయింది. పెళ్లివాళ్ల ఫ్రిజ్జు మీద గీకినా, రైతుల మందు డబ్బాల మీద గీకినా అదే మాట. ఊళ్లో వాళ్లు వెనకాల నవ్వుకునేవారు. "మీ ఆయనొచ్చిండే, ఏమన్న కొంటున్నమేమో చూసుకోవాలె," అని నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు నా మొహం మీదే అనేవారు. నేను తల వంచుకుని మిషను తొక్కేదాన్ని.

నాకు మొదటిసారి ఒళ్లు జలదరించింది పక్కింటి మైసయ్య పోయినప్పుడు. వాకిట్లో శవం ఉంది. భార్య గుర్వమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తోంది. రాజేశ్ పోయి వాళ్ల కొడుకు పరమేష్ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. పర్వాలేదు, మనిషే, అనుకున్నాను.

"దినాలకు కిరాణ సామాను, వంటలోళ్లు, టెంటు అంత నేను చూస్కుంట పరమేష్. నువ్వు ఏం ఫికర్ పెట్టుకోకు. పైసలు తర్వాత నాకిస్తువు," అన్నాడు.

పరమేష్ ఆయన చేతులు పట్టుకుని భోరుమన్నాడు. గుర్వమ్మ ఏడుపు మధ్యలోనే "నీ అసుంటోడు పక్కనుండాలె బిడ్డా," అంది. ఆయన తల వంచి, ఎంతో వినయంగా ఆ మెప్పును అందుకున్నాడు. ఇంటికి రాగానే చొక్కా విప్పుతూ విసుక్కున్నాడు.

"టెంటోడు కార్డు తీసుకోడంట. నగదే కావాల్నంట. ఉత్త కిరాణం మీద ఏం పాయింట్లు వస్తయ్?"

"థూ! శవం లేవనియ్యకపోతివా?" అన్నాను.

"ఏంది? నేనేమన్న దొంగతనం చేసిన్నా? వాళ్లకు నష్టమేముందో చెప్పు!"

లెక్క ప్రకారం ఎవరికీ నష్టం లేదు. అదే నన్ను మరింత మండించింది.

ఆ తర్వాత మా నాయిన వంతు వచ్చింది.

మా పుట్టినిల్లు కోస్గి దగ్గర పల్లె. మా నాయిన ఐలేశం గొర్రెలు కాస్తాడు. నాకు ఒడిబియ్యం పోసి చాలా ఏళ్లయిందని, ఆ ఎండాకాలంలో పోయాలని నాయిన, అమ్మ అనుకున్నారు. ఆడబిడ్డనూ అల్లుణ్నీ పీటల మీద కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆడబిడ్డ ఒళ్లో పోస్తారు. ఆ బియ్యాన్ని ఒడిలోనే ముడి వేసుకుని, దారిలో ఎక్కడా విప్పకుండా తీసుకొచ్చి, అత్తింట్లో వండి అయినవాళ్లకు పెట్టాలి. పుట్టింట్లో మన జాగా ఇంకా మనకుందని చెప్పే పండగ అది. అందులో పెట్టే ప్రతి పోగూ పుట్టింటివాళ్ల కష్టార్జితమై ఉండాలి.

నాయిన పొట్టేళ్లు అమ్మి డబ్బు సిద్ధం చేసుకున్నాడు. కోస్గిలో ఆయన ఎరిగిన బట్టల దుకాణం ఉంది. అక్కడ చాప మీద కూర్చుని చాయ్ తాగి, పది చీరలు విప్పించి, ధర దగ్గర గొడవపడి, చివరికి నాకొకటి తీసుకుని సంచిలో పెట్టుకోవడం ఆయనకో సంబరం. రాజేశ్ ఫోన్ చేసి ఆ సంబరాన్ని ముక్కచెక్కలు చేశాడు.

"మామా, నువ్వు ఆడ ఏం కొనకు. పైసలు పట్టుకొని ఇటు రా. హైదరాబాద్ల పెద్ద దుకాణముంది. నేను కార్డు మీద కొంట."

నాయిన వచ్చాడు. అల్లుడి మాట కాదనడం ఆయనకు తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ అంతస్తుల దుకాణంలో ఆయన బొడ్లోంచి నోట్ల కట్ట తీసి అందరిముందూ అల్లుడికి ఇచ్చాడు. రాజేశ్ దాన్ని జేబులో కుక్కుకుని, ఇంకో రెండు జతలు తీస్తే ఇంకో ఆఫర్ పడుతుందని, మా పిన్నులకూ మరదళ్లకూ కూడా చీరలు తీయించాడు. నాయిన తువ్వాలతో మెడ తుడుచుకుంటూ తల ఊపాడు. చీరలు చూపిస్తున్న పిల్ల కార్డు గీకే రాజేశ్‌ను చూసి, "ఎంత మంచిగ కొనిస్తున్నరక్కా మీ ఆయన! మీ అమ్మగారి దిక్కు అందరికీ కొంటున్నరు!" అని నాతో అంది.

నాయిన అక్కడే ఉన్నాడు. ఆ పిల్ల ఆయన్ని లెక్కలోకే తీసుకోలేదు. రాజేశ్ ఆ పొగడ్తకు చిరునవ్వు నవ్వాడే తప్ప, "గివి మా మామ పెడుతున్నడమ్మా," అనలేదు. బస్సులో వెనక్కి వస్తుంటే నాయిన సంచిని ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

"బిడ్డా, గివి నేను పెట్టినట్టేనా?"

"నువ్వు గాక ఎవరు నాయినా?" అన్నాను. ఇంటికొచ్చాక ఆ రోజు నేను మా ఆయనకు అన్నం పెట్టలేదు, ఆయనే వడ్డించుకుని తిన్నాడు.

వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నాం కానీ అది జరగలేదు. నాయినకు కడుపునొప్పి మొదలైంది. మహబూబ్‌నగర్‌లో స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆపరేషన్ చేసి తీసెయ్యాలని అన్నారు. విన్న వెంటనే రాజేశ్ సెలవు పెట్టాడు. కారు కిరాయికి మాట్లాడాడు. మంచి ప్రైవేటు దవాఖాన ఏదో తనే కనుక్కున్నాడు. కొడుకు లేని లోటు తీర్చాడని మా అమ్మ మల్లీశ్వరి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎన్ని తిట్టుకున్నా మనసులో మంచితనం ఉన్నవాడే అని ఆ రోజు నాకూ ఆయన మీద గౌరవం పుట్టింది. ఇప్పుడు ఆ గౌరవాన్ని తలచుకుంటేనే నాకు మరీ రోత.

నాయిన దవాఖాన మంచం మీద ముడుచుకుని పడుకుని, చంకలోని ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు.

"గిదో అల్లుడా, తెల్ల కార్డు. దీని మీద ఉత్తగనే చేస్తరట, మా ఊరి పిల్లలు చెప్పిండ్రు. ఆడ కూసున్న పిల్లకు చూపియ్యి."

రాజేశ్ కవరు తీసుకుని కౌంటరు దగ్గరికి పోయాడు. నేను నాయిన కాళ్లు పిసుకుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన తిరిగొచ్చి కవరును నాయిన తలగడ కింద పెట్టాడు.

"గీ దవాఖానల గది నడువదంట మామా. నువ్వు ఫికర్ చెయ్యకు. నేను కట్టేసిన."

నాయిన నొప్పిలోనే రెండు చేతులూ జోడించాడు. "నీ రుణం ఉంచుకోను అల్లుడా," అన్నాడు. రాజేశ్ ఆ చేతులను పట్టుకుని కిందికి దించాడు. పక్క మంచం వాళ్లు కూడా చూసి మెచ్చుకున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు ఆరకముందే రాజేశ్ డబ్బు సంగతి ఎత్తాడు. "బిల్లు తారీఖు దాటితే మిత్తి మస్తు పడ్తది మామా. జర జల్ది చూడు," అన్నాడు ఫోన్లో. చీరలకే పొట్టేళ్లన్నీ పోయాయి. ఇక అమ్మడానికి మిగిలింది ఆడ గొర్రెలు. అందులో సగానికి పైగా చూడివి, ఇంకో నెలా నెలన్నరలో ఈనబోయేవి.

దళారీ ఆటో ట్రాలీ తెచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అక్కర మీద అమ్మేవాళ్లంటే వాడికి పండగే. చూడి గొర్రె ధర అడిగితే, "సూడి అయితే నాకేంది? బరువే నాకు," అన్నాడు వెధవ. మా అమ్మ ఒక్కో గొర్రె మెడ పట్టి తెస్తూ, "సూడివి నాయినా, జర నిమ్మళంగ ఎక్కియ్యుండ్రి. కడుపుల పిల్లలున్నయ్," అంటూనే ఉంది. వాళ్లు కాళ్లు పట్టి లోపలికి విసిరేశారు. నాయిన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బండి పోయాక దొడ్లో ముసలి గొర్రెలు కొన్ని, పాలు మరిచిన పిల్లలు కొన్ని మిగిలాయి. అమ్మ ఖాళీ దొడ్డిని ఊడ్చింది. ఊడవడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా చాలాసేపు ఊడ్చింది.

చిట్యాలకు తిరిగొచ్చేసరికి రాజేశ్ స్వీటు పొట్లంతో ఎదురొచ్చాడు. టార్గెట్ దాటింది. టికెట్లు వచ్చేశాయి. నేను స్వీటు తినలేదు. నాయిన ప్రాణం నిలబడింది కదా, గొర్రెలు మళ్లీ అవుతాయిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

విమానాశ్రయంలో మమ్మల్ని ముందు లాంజ్‌కి తీసుకుపోయాడు. రెండు రూపాయలు గీకితే మనిషికి ఎంత తిన్నా ఊరికేనట. మెత్తటి కుర్చీలు, వరుసగా వేడి గిన్నెలు. అక్కడ మా ఆయన ఒక పెళ్లి పెద్దలా తిరిగాడు. ఇడ్లీ, పూరీ, ఉప్మా, కేకులు ఒకే పళ్లెంలో గుట్టగా పోసి తెచ్చి మా ముందు పెట్టాడు. వర్షిత పెరుగు డబ్బాలు తింటోంది. అత్తమ్మ బెదురుగా అటూ ఇటూ చూసి, "గివన్ని నిజంగనే పైసలియ్యకుండనా?" అని అడిగింది.

"తినుండ్రి, తినుండ్రి! మన పాయింట్ల మహిమ!" అన్నాడు.

అంతలో ఆయన కంపెనీ స్నేహితుడు నరేశ్ ఫోన్ చేశాడు. నోట్లో పూరీ నములుతూనే లేచి, నా కుర్చీ వెనక నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అరే, లాంజ్ల ఉన్న. టార్గెట్ ఎట్ల కొట్టిన్నో చెప్పనా? మా మామ ఆపరేషన్! ఔరా! కౌంటర్ల పిల్ల ఆరోగ్యశ్రీ ఉందా సార్ అని అడిగింది. లేదన్న. ఉందంటే ఫ్రీగ అయితుండె, మరి నాకు గీకుటానికి ఏముంటుండె? ఒక్క దెబ్బకు మొత్తం క్లియర్! ఏ, ఆయనకేం నష్టంరా, మంచి ఏసీ రూములున్నడు."

నవ్వాడు. నవ్వితే పూరీ తుంపరలు నా భుజం మీద పడ్డాయి.

నా నోట్లో ఉప్మా ఉంది. దాన్ని మింగలేను, ఉమ్మలేను. లేచి బాత్రూంకి పోయి కక్కుకున్నాను. అద్దాలు తళతళలాడే ఆ గదిలో నేల మీద చతికిలబడి, తెల్ల కార్డును అల్లుడి చేతికిస్తున్న మా నాయిన చెయ్యిని తలచుకుని ఏడ్చాను. ఆయన జోడించిన చేతులను పట్టుకుని దించినవాడు ఆ కవరును అసలు విప్పనే లేదు.

అక్కడ అరవలేదు. బయటికొచ్చేసరికి వర్షిత సంచి భుజాన వేసుకుని నా కోసం నిలబడి ఉంది. దాని పక్కన అత్తమ్మ కొత్త చెప్పులు సరిచేసుకుంటూ, "ఇమానం వచ్చిందటనే!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ ఇద్దరి ముఖాలు చూసి నడిచాను. మూడు గంటలు ఆయన పక్క సీట్లో, ఆయన మోచెయ్యి నాకు తగలకుండా ముడుచుకుని కూర్చున్నాను.

శ్రీనగర్ అందంగానే ఉంది. కళ్లున్నాయి కాబట్టి చూశాను. రాజేశ్ ప్రతి చోటా ఫోటోలు తీసి, ఊరందరికీ పంపి, ఇదంతా ఊరికే అని రాసేవాడు. నేను పలకకపోతే అలసిపోయిందిలే అనుకున్నాడు. అలా అనుకోవడమే ఆయనకు లాభం.

మూడో రోజు మంచు కొండల వైపు పోతుంటే దారికి అడ్డంగా పెద్ద గొర్రెల మంద వచ్చింది. గుర్రాల మీద సామాను, ఆడవాళ్ల వీపున పిల్లలు, ముందు పెద్ద కుక్కలు. అక్కడి కాపరులు ఎండాకాలానికి మందను కొండ మీదికి తోలుకుపోతున్నారట. మా కారు ఆగింది. అత్తమ్మ ఎవరూ చెప్పకుండానే తలుపు తీసుకుని దిగి మందలోకి పోయింది. విమానం కిటికీలోంచి మేఘాలు చూసినప్పుడు కూడా ఆమె ముఖంలో అంత సంతోషం లేదు. ఒక ముసలి కాపరికి చేతులతోనే తను ఎవరో చెప్పింది. అతను నవ్వి ఒక గొర్రెను ఆమె దగ్గరికి తోశాడు. దాని కడుపు కింద చెయ్యి పెట్టి, "సూడిదే! ఇంక ఎన్నో దినాలు లేవు," అని నాతో అంది.

ఆ మాటకు నా కట్ట తెగింది. మంద మధ్యలో నిలబడే అంతా చెప్పేశాను. కౌంటరు దగ్గర అడిగిన మాట, ఈయన చెప్పిన జవాబు, ట్రాలీలోకి విసిరేసిన గొర్రెలు.

ఆమె గొర్రె మీదినుంచి చెయ్యి తీసేసింది.

"సూడివేనా?" అని అడిగింది.

"సగానికెక్కువ సూడివే అత్తమ్మా."

"అంటే నేను ఇమానమెక్కింది గా గొర్ల మీదనా?"

రోడ్డు పక్కన రాజేశ్ వర్షితను గుర్రం పక్కన నిలబెట్టి ఫోటో తీస్తున్నాడు. ఆమె కొడుకు వైపు చాలాసేపు చూసింది. తిరిగొచ్చేదాకా హోటల్ తిండి ముట్టలేదు. వెంట తెచ్చుకున్న సద్ద రొట్టెలు నీళ్లలో తడుపుకుని తింది. విమానంలో కిటికీ పక్క సీటు వర్షితకు ఇచ్చేసింది.

వానలు పడీ పడగానే నాయిన ఒడిబియ్యానికి రమ్మని కబురు పంపాడు. చీరలు కొని పెట్టాక ఆపడం మంచిది కాదన్నాడు. కుట్లు మానినా నడుము ఇంకా నిలబడలేదు. ఆయన మిగిలిన గొర్రెలు కాస్తుంటే, అమ్మ పక్క ఊళ్లో పత్తి చేలకు కూలికి పోతోందని అక్కడికి పోయాకే తెలిసింది. మంద ఉన్నన్నాళ్లూ మా అమ్మ ఎవరి చేనిలోనూ కూలి చెయ్యలేదు.

వాకిట్లో పీటలు వేశారు. మా చిన్నాయిన లింగస్వామి, ఆయన భార్య నర్సింగమ్మ, వాడకట్టు ఆడవాళ్లు అంతా వచ్చారు. నేను పీట మీద కూర్చున్నాను. పక్క పీట మీద రాజేశ్ కూర్చుని, శ్రీనగర్ ముచ్చట్లు చెబుతున్నాడు. అత్తమ్మ మొగుడు పోయిన మనిషి కాబట్టి శుభకార్యానికి ఎడంగా గడప పక్కన నిలబడింది. నాయిన ఇత్తడి పళ్లెంలో ప్యాంటు చొక్కా పెట్టుకుని, నడుము పట్టుకుని, అల్లుడి దగ్గరికి మెల్లగా వంగాడు. రాజేశ్ రెండు చేతులూ చాపాడు.

"ఐలేశమన్నా, ఆగు," అంది అత్తమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నా కొడుక్కు బట్టలు పెట్టకు. నీ తెల్ల కార్డు గా దవాఖానల నడుస్తుండె. వాళ్లు అడిగిండ్రు. వీడే లేదన్నడు. తన కార్డు గీకుటానికి. గా పాయింట్ల కోసం నీ గొర్లమ్మిచ్చిండు."

లింగస్వామి చిన్నాయిన ముందుకొచ్చి, "నిజమేనా అల్లుడా?" అని అడిగాడు.

రాజేశ్ ముఖం కందగడ్డలా అయింది. తప్పయిందంటాడని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఎంతైనా మొగుడు కదా, ఆ ఆశ చావదు.

"గిప్పుడా గా ముచ్చట? మంచి దవాఖానల చేపిచ్చిన గదా! అయినా, పాయింట్లు ఇంకా ఉన్నయ్," అంటూ ఫోన్ తీశాడు. "మామకు మిక్సీ వస్తది. వద్దంటే పెద్ద సూట్‌కేసన్న వస్తది. గిప్పుడే ఆర్డర్ పెడ్త. ఏది కావాల్నో చెప్పు మామా."

ఫోన్ తెరను మా నాయిన ముఖం ముందు పెట్టాడు. గొర్రెలకు బదులు సూట్‌కేసు! ఆ మనిషితో ఇన్నేళ్లు ఒక పళ్లెంలో తిన్నందుకు నాకు నా మీదే అసహ్యం వేసింది.

నాయిన ఫోన్ వైపు చూడలేదు. పక్కకు తిరిగి, బట్టల పళ్లెం మంచం మీద పెట్టాడు. నడుము నిటారుగా చేసుకుని అమ్మతో అన్నాడు.

"బిడ్డకు బియ్యం పొయ్యి. పొద్దు పోతాంది."

చాపిన చేతులను రాజేశ్ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద రుద్దుకున్నాడు. అమ్మ దోసిలితో బియ్యం పోసింది. పిన్ని పోసింది, వచ్చిన ఆడవాళ్లంతా పోశారు. కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు వేశారు. ఎవరూ పాట పాడలేదు. నా ఒడి బరువెక్కింది. అమ్మ చీర చెంగు బిగించి ముడి వేసింది. రాజేశ్ అప్పటికే లేచి పోయి కిరాయి కారు తలుపు తెరిచి నిలబడ్డాడు.

"నడువు స్వర్ణా. రేపు డ్యూటీ ఉంది," అన్నాడు, ఏమీ జరగనట్టు.

నేను లేచి కారు దాకా పోయాను. కారు సీటు మీద ఆయన ఫోను వెలుగుతూ కనిపించింది. ఇంకేదో ఆఫరు. వెనక్కి తిరిగి వచ్చి పీట మీద కూర్చుని ముడి విప్పాను. పసుపు బియ్యం పీట మీదికి, నేల మీదికి జారింది.

"అయ్యో, అయ్యో! అత్తగారింటికి పోకముందు ముడి ఇప్పుతవేందే!" అని నర్సింగమ్మ పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నాయిన దొడ్లెకెళ్లి ఎన్ని గొర్లు పోయినయో అన్ని గొర్లు, సూడివి, మళ్ల గా దొడ్లె కట్టేసినంకనే నేను చిట్యాలకు వస్త," అన్నాను రాజేశ్‌తో. "కార్డు మీద గాదు. నీ జీతం మీద."

"అమ్మా, నువ్వన్న చెప్పు దీనికి! నలుగుర్ల ఏంది గీ లొల్లి?" అన్నాడాయన.

అత్తమ్మ గడప పక్కనుంచి కదిలింది. శుభకార్యంలో రాకూడని మనిషి పీటల మధ్యలోకి వచ్చి, నా ఎదురుగా కింద కూర్చుని, నేల మీద పడ్డ బియ్యాన్ని రెండు చేతులతో దగ్గరికి తీసింది. కారు వైపు చూడకుండానే మా అమ్మను పిలిచింది.

"మల్లీశ్వరి వదినె, ఎసరు పెట్టు. గీ బియ్యం గీడనే వండుదం."